మా గెట్టు మీది కంప

నిరుడు ఆషాఢం చివర్లో అమ్మకు ఫోన్ చేసి బోడకాకర వచ్చిందా అని అడిగాను. ఏటా అడుగుతాను. ఏటా ఆమె రెండు కిలోలు సంచిలో కట్టి, హైదరాబాద్ వచ్చే ఎవరో ఒకరి చేతిలో పెడుతుంది, నేను ఎంజీబీఎస్ బస్టాండ్‌కు వెళ్లి తీసుకుంటాను. ఆ రోజు మాత్రం అమ్మ కాసేపు ఊరుకుంది. తర్వాత, "యాడికెళ్లి వస్తయి బిడ్డా, కంప మొత్తం తీపిస్తిమి గదా" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఎందుకంటే ఆ కంప తీయించడానికి డబ్బులు పంపింది నేనే.

మా ఊరు కల్వకుర్తికి దగ్గర. పాత పాలమూరు జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి నాగర్‌కర్నూల్. మాకు మూడెకరాల చెల్క ఉంది, ఎర్ర నేల. నాయిన ఇప్పుడు పత్తి, కంది వేస్తాడు, నా చిన్నప్పుడు ఆముదం, జొన్న వేసేవాడు. చేనుకు తూర్పున, దక్షిణాన గెట్టు మీద కంప ఉండేది. చదువుకునే పుస్తకాల్లో దీన్ని కంచె అంటారు కానీ మా వైపు కంచె అంటే పశువులు మేసే బీడు అనే అర్థం కూడా ఉంది, అందుకే గెట్టు మీదున్న దాన్ని మేం కంప అనే అంటాం. కొట్టి అడ్డం పడేసిన ఎండు ముళ్ల కొమ్మలనూ కంపే అంటాం, వేళ్లు పట్టి పచ్చగా నిలబడ్డ దాన్నీ కంపే అంటాం. నిజానికి మొదటిదే మెల్లగా రెండోదిగా మారుతుంది.

మా తాత ఆ గెట్టు మీద ఒక్క మొక్క కూడా నాటలేదట. పశువులు రాకుండా రేగు కొమ్మలు కొట్టి అడ్డం వేశాడు, అంతే. ఆ కొమ్మల మీద పిగిలిపిట్టలు వచ్చి వాలాయి, అవి ఎక్కడో తిన్న పండ్ల గింజలు రెట్టలో కింద పడ్డాయి, పైన ముళ్లు ఉండటంతో మేకలు మూతి పెట్టలేక ఆ మొలకలు బతికిపోయాయి. అట్లా రేగు వచ్చింది, పరికి వచ్చింది, బలుసు, వేప వచ్చాయి. నక్కలు, పిట్టలు, పిల్లలు తిని ఊసిన గింజలతో సీతాఫలం వచ్చింది. బాలానగర్ సీతాఫలం అని దేశమంతా పేరున్న రకం మా పాలమూరుదే, కానీ మాకు అది తోటలో పెంచే పంట అని పెద్దయ్యేదాకా తెలియదు, గెట్ల మీదా గుట్టల మీదా దానంతటదే కాసేది అనుకునేవాళ్లం. దాని ఆకును మేక ముట్టదు, అందుకే కంపలో గట్టిగా నిలబడుతుంది. వీటన్నిటి మీదుగా తీగలు పాకేవి: నల్లేరు, తిప్పతీగ, గురిగింజ, అడవి దొండ, చివరికి నేను ఫోన్ చేసి అడిగే బోడకాకర.

బోడకాకర సంగతి కొంచెం చెప్పాలి, నాకూ ఇది నిరుడే తెలిసింది. చలికాలంలో తీగంతా ఎండిపోతుంది కానీ నేలలో గడ్డ బతికే ఉంటుంది, వానలు పడగానే అదే గడ్డ నుంచి మళ్లీ మొలకెత్తుతుంది. అంటే మేం ముప్పై ఏళ్లుగా తిన్నది దాదాపు అవే గడ్డల కాయలు. జేసీబీ కంపను వేళ్లతో సహా పెకలించి, మట్టితో సహా ఎత్తి ట్రాక్టర్లో పోసినప్పుడు ఆ గడ్డలు కూడా పోయాయి. హైదరాబాద్‌లో సీజన్ మొదట్లో అదే కాయ కిలో రెండొందలు దాటి అమ్ముతారు. మా ఊళ్లో దానికి ధర లేదు, చేతికి దొరికిన వాళ్లు తెంపుకునేవారు.

ఎందుకు తీయించామో కూడా ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

తూర్పు పక్క చేను అమ్ముడుపోయింది. కొన్నాయన హైదరాబాద్‌లో ఉంటాడు, మర్యాదస్తుడు, ఆయన్ను నేను తప్పు పట్టను. కొన్న భూమికి హద్దులు చూసుకోవడం ఎవరైనా చేసే పనే. సర్వే చేయించారు. గొలుసు పట్టి కొలిస్తే గీత సరిగ్గా కంప మధ్యలోంచి పోయింది, ఒకచోట మా వైపు జరిగి, ఇంకోచోట ఆయన వైపు జరిగి. శ్రీశైలం రోడ్డు వెంట భూముల ధరలు ఎట్లా పెరిగాయో ఈ వైపు వాళ్లందరికీ తెలుసు. లెక్క వేసి చూడండి. ఎకరానికి ఒక పక్క పొడవు సుమారు 209 అడుగులు. దాని వెంట ఆరడుగుల వెడల్పున కంప ఉందంటే దాదాపు 139 గజాలు. గుంట అంటే 121 గజాలు. అంటే ఒక్క పక్క కంప గుంటకు పైగా భూమి మీద కూర్చుంది. ఎకరం యాభై లక్షలు పలికే చోట గుంట లక్షా పాతిక వేలు. ఈ లెక్క ఒకసారి మనసులోకి వచ్చాక కంపను మళ్లీ కంపగా చూడటం చాలా కష్టం. నాయిన చూడలేకపోయాడు, నేనూ చూడలేకపోయాను. ఎవరు ఎంత కలుపుకుంటారో అని నాయినకు రాత్రుళ్లు ఒకటే టెన్షన్, నిద్ర కూడా సరిగా పోయేవాడు కాదని అమ్మ చెప్పింది. రాతి కడీలు పాతి ముళ్ల తీగ లాగితే గొడవ ఉండదని నేనే అన్నాను. చెరిసగం పెట్టుకున్నాం. మా వంతు పంపాను.

అరపూట పట్టింది తీయడానికి. నేను అక్కడ లేను. తర్వాత వాట్సాప్‌లో ఫొటో పంపాడు నాయిన, నున్నగా చేసిన ఎర్ర నేల, వరసగా కడీలు, మెరిసే తీగ. "మంచిగున్నది" అని జవాబిచ్చాను. ఆ మాట ఇప్పటికీ ఆ ఫొటో కిందే ఉంది.

ఆగస్టులో రెండు రోజులు ఎడతెగని వాన పడింది. మా చేను కంటే పై చేను ఒకటిన్నర అడుగు ఎత్తు. ఆ తేడా మొదట్నుంచీ ఉన్నది కాదట, ఏళ్ల తరబడి పైనుంచి వచ్చిన నీళ్లు కంప దగ్గర నెమ్మదించి, తెచ్చిన మట్టిని అక్కడే దింపి, వట్టి నీళ్లే కిందికి దిగడం వల్ల గెట్టు అట్లా పెరుగుతూ వచ్చిందని నాయిన చెప్పాడు. ఎర్ర చెల్క గుణమే అది, పైన పెచ్చు కట్టి నీళ్లను లోపలికి తొందరగా పోనివ్వదు, గట్టి వాన పడితే కొట్టుకుపోతుంది. వేళ్లు పట్టుకున్నన్నాళ్లూ గెట్టు నిలబడింది. వేళ్లు తీసేశాక మొదటి పెద్ద వానకే గండి పడింది. రెండు కడీలు ఒరిగాయి. పత్తి మొక్కలు నాలుగు సాళ్లు ఇసుక కింద పడ్డాయి. తీగ మాత్రం తెగలేదు, గండి మీద వేలాడుతూ ఉండిపోయింది.

దానికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇంకో విషయం.

దసరాకు వెళ్లినప్పుడు మా వాడలో ఉండే పెద్దమ్మ ఒకావిడ ఎదురైంది. ఆమెకు భూమి లేదు, ఐదు మేకలున్నాయి. "ఏం బిడ్డా ఎప్పుడొచ్చినవ్, మంచిగున్నవా" అని అడిగి, చేయి పట్టుకుని కాసేపు మాట్లాడి, చివర్లో మామూలుగా అంది: "మీ కంప దీసిన కాన్నుంచి మేకలకు రొట్టకు మస్తు దూరం పోవాల్సొస్తున్నది." ఫిర్యాదు చేసినట్టు లేదు. ఎండలు ఎక్కువయ్యాయని చెప్పినట్టే చెప్పింది. నాకు మాట రాలేదు. ఆమె మేకలకు రేగు మండలు, తుమ్మకాయలు మా గెట్టు మీదివే అని నాకు ఎప్పుడూ తట్టలేదు. పొయ్యిలోకి కట్టెపుల్లలు మా గెట్టు మీదివే. పిల్లలకు పరికి పండ్లు, రేగుపండ్లు అక్కడివే. బలుసాకు వండుకునేవారు. పసిపిల్ల తల్లులకు ఒళ్లు నొప్పులకు స్నానం నీళ్లలో వేసే వావిలాకు కూడా అక్కడిదే. కంప ఉన్న భూమి పాస్‌బుక్‌లో మాదే, కానీ దాని మీద కాసింది, పూసింది ఊరందరూ తీసుకునేవారు, ఎవరినీ అడిగేవారు కాదు, మేం కూడా ఇంకొకరి గెట్టు మీద అట్లాగే తెంపుకునేవాళ్లం. గెట్టు మీద తంగేడు పువ్వు తెంపుతుంటే "ఎవర్రా మా చేన్లో" అని అరిచిన మనిషిని నేను చూడలేదు. బతుకమ్మకు పువ్వంతా అట్లా గెట్ల మీద నుంచి వచ్చిందే. కందిచేనులో గునుగు, గెట్టు మీద తంగేడు.

వినాయక చవితి పత్రి లెక్క తీశాను ఒకరోజు. ఇరవై ఒక్క రకాల్లో వాకుడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, విష్ణుకాంత, వావిలి, జమ్మి, జిల్లేడు, ఈ తొమ్మిదీ మా కంపలో ఉండేవే. నిరుడు చవితికి అమ్మ కల్వకుర్తిలో పత్రి కొనుక్కొచ్చింది. కట్టలో ఏమున్నాయని అడిగితే సగం ఏదో ఆకు, పేరు తెలియదు అంది.

కడీలు పాతాక నడిచే బాట కూడా పోయింది. పచ్చి కంపకు ఎక్కడో ఒకచోట కంత ఉంటుంది, మనిషి ఒంగి దూరిపోతాడు, బర్రె పోలేదు. మా కంపకు దక్షిణం మూల అట్లాంటి కంత ఉండేది, కూలికి పోయే ఆడవాళ్లు అడ్డదారిన అందులోంచే పోయేవారు. ఇప్పుడు నెత్తిన సద్ది మూట పెట్టుకుని చుట్టూ తిరిగి పోతున్నారు. తీగకు మనిషిని, బర్రెను వేరుగా చూడటం తెలియదు.

మా కంపలో దోషాలు లేవని నేను అనడం లేదు. నాయిన చెప్పిన కారణాలు నిజమే. పాములుంటాయి. ఎలుకలూ ఉంటాయి, వాటి కోసమే పాములు, ముంగిసలు వస్తాయి. కంప నీడకు పక్కనున్న రెండు మూడు సాళ్లు ఎదగవు. తుమ్మ వేళ్లు చేనులోకి పాకి తడి లాగేస్తాయి. ఏటా నరికి అదుపులో పెట్టకపోతే ఆరడుగులది పన్నెండు అడుగులవుతుంది, ఆ నరికే పని ఇంతకుముందు ఎండాకాలంలో జరిగేది, ఇప్పుడు చేసేవాళ్లు లేరు. ఈ వయసులో నాయిన చేయలేడు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

సర్కారు తుమ్మను కూడా దీంట్లో కలపొద్దు. కంప తీసేసిన వాళ్లు చాలామంది "అదంతా సర్కారు తుమ్మే కదా" అంటారు. అది దక్షిణ అమెరికా వైపు చెట్టు, 19వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు, దాని కాయలు మేకలు, గొర్రెలు తిని పేడలో గింజలు అంతటా చల్లుతాయి. చెరువు శిఖాలను (చెరువు నీళ్లు నిలిచే భూములను), బీళ్లను అది ఎట్లా ఆక్రమించిందో మా ఊరి చెరువు చూస్తే తెలుస్తుంది. అది వచ్చిన చోట మిగతావి బతకడం కష్టం. దాన్ని తీసేయడానికి నేను అడ్డం చెప్పను. నాగజెముడు కూడా ఒకప్పుడు బయటి నుంచి వచ్చి కంచెగా పెట్టిందే, అది చేతికి అందకుండా పెరిగిపోతే 1926లో శ్రీలంక నుంచి ఒక రకం కొచ్చినీల్ పురుగును తెచ్చి వదిలారు, ఆ పురుగు దాన్ని చాలావరకు తినేసింది. కాబట్టి కంపలో ఏది ఉండాలి అనేది కూడా ముఖ్యమే. మా గెట్టు మీద సర్కారు తుమ్మ రెండు చెట్లే ఉండేవి. వాటి పేరు చెప్పి పదకొండు రకాలను తీశాం.

పదకొండు అని ఎందుకంటున్నానంటే లెక్కపెట్టాను. దక్షిణం వైపు ఓ నలభై గజాల ముక్క మిగిలింది, జేసీబీకి ఇచ్చిన టైం అయిపోవడంతో వదిలేశారు. ఇంగ్లండ్‌లో మాక్స్ హూపర్ అనే శాస్త్రవేత్త పొలం కంచె వయసు కనుక్కోవడానికి ఒక పద్ధతి చెప్పాడు: ముప్పై గజాల పొడవులో ఎన్ని రకాల చెట్లు, పొదలు ఉంటే సుమారుగా అన్ని వందల ఏళ్లు. ఆ పద్ధతి అక్కడి కంచెల కోసం చెప్పింది, మన దగ్గర పనికిరాదు, పనికొస్తే మా కంప కాకతీయుల కంటే ముందుది కావాలి! ఇక్కడ పిట్టలు యాభై అరవై ఏళ్లలోనే అన్ని రకాలు తెచ్చి పడేస్తాయి. అయినా అడుగులేసుకుంటూ లెక్కపెట్టాను. రేగు, పరికి, వావిలి, తంగేడు, సీతాఫలం, బలుసు, వేప, నల్ల తుమ్మ, కలివి, జిల్లేడు, గచ్చకాయ. ఇంగ్లండ్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద యంత్రాలు తిరగడానికి కంచెలు తీసేసుకుంటూ పోయి, చివరికి 1997లో చట్టం తెచ్చుకున్నారు, ఇరవై మీటర్లు దాటిన పొలం కంచె తీయాలంటే ముందు స్థానిక అధికారులకు చెప్పాలి. మన దగ్గర నలభై గజాల కంప మిగలాలంటే జేసీబీ టైం అయిపోవాలి.

ఇవే మొక్కలతో బ్రిటిష్ వాళ్లు ఏం చేశారో చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఉప్పు పన్ను ఎగ్గొట్టకుండా ఉత్తరాన సింధు నది వైపు నుంచి మహానది దాకా, ఒక దశలో సుమారు 4,000 కిలోమీటర్ల సుంకం గీత గీసి, పన్నెండు వేల మందికి పైగా కాపలా పెట్టారు. తర్వాత కాంగ్రెస్ స్థాపనలో ముందున్న ఏ.ఓ. హ్యూమే 1867 నుంచి కొన్నేళ్లు దానికి కమిషనర్. ఎండు కంప చెదలు పట్టి, గాలికి కొట్టుకుపోతోందని గీత వెంట వందల మైళ్లు పచ్చి కంప పెంచారు. ఏవి నాటారో తెలుసా? రేగు, తుమ్మ, వాక్కాయ, నాగజెముడు. పేదవాడి నోటికి ఉప్పు అందకుండా రేగుకంప పెట్టారు. 1879లో ఆ గీతను ఎత్తేశారు, కంప కూడా క్రమంగా మాయమైంది. మా ఊరి రేగుకంప మాత్రం పేదవాడి పిల్లలకు పండు పెట్టింది.

పాలపిట్ట సంగతి ఒకటి. దసరా నాడు జమ్మికి పోయి వస్తూ పాలపిట్టను చూడటం మాకు చాలా ముఖ్యం, ఇప్పుడది రాష్ట్ర పక్షి కూడా. ఆ రోజు కనిపించింది. మా కొత్త కడీ మీదే కూర్చుంది, నీలం రెక్కలు విప్పి ఎగిరింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. నాయిన సంతోషపడ్డాడు, "చూసినవా, కడీ మీద ఎంత మంచిగ గూసున్నదో" అని. కూర్చోవడానికి దానికి కడీ చాలు. గూడు పెట్టడానికి తొర్ర ఉన్న చెట్టు కావాలి. పాత వేప ఒకటి ఉండేది మూల మీద, తొర్రతో. ఆ మాట నాయినతో అనలేదు.

ఖాళీ అయిన గెట్టు మీద ఏం మొలిచిందంటే వయ్యారిభామ. గడ్డి మందు కొట్టాల్సి వచ్చింది. పందుల బాధ తగ్గిందా అంటే లేదు, అడవి పందులు కింది తీగను ఎత్తుకుని లోపలికి వస్తున్నాయి. తీగకు కరెంటు పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. అట్లా పెట్టిన తీగలకు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మా వైపు ఎన్ని చూశామో. ఆ మాట మా ఇంట్లో ఎత్తొద్దని గట్టిగా చెప్పాను.

ఈ ఏడు మిరుగం (మృగశిర కార్తె) ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. కడీలు తీయలేదు, హద్దు గొడవ మళ్లీ రావడం ఎవరికీ ఇష్టం లేదు. తీగకు మా వైపు నాలుగడుగులు వదిలి నాటుదాం అన్నాను. నాయిన మూడడుగులకు ఒప్పుకున్నాడు. గండి పూడ్చిన చోట వావిలి కొమ్మలు గుచ్చాం, తడి ఉంటే అది తొందరగా వేళ్లు పడుతుంది. అక్కడక్కడా గ్లైరిసిడియా పెట్టాం, ఆకు కోసి చేనుకే ఎరువుగా వేయొచ్చు. సీతాఫలం గింజలు, రేగు గింజలు వేసి మీద ఎండు కంప పరిచాం, మా తాత చేసినట్టే. పత్తి చుట్టూ రెండు సాళ్లు ఆముదం వేశాం, లద్దె పురుగు ముందు దాని మీదికి పోతుంది కాబట్టి అక్కడే గుడ్లు, పిల్ల పురుగులు ఏరేయొచ్చు. మేకల పెద్దమ్మ కోసం దక్షిణం మూల తీగ కింది వరస రెండు కడీల మధ్య కోసేసి కంత పెట్టాం. నాయినే ప్లయర్‌తో కోశాడు.

పెద్దమ్మ మరుసటి రోజు పొద్దున కొంగులో ఏదో కట్టుకుని వచ్చింది. విప్పితే మట్టి అంటుకున్న నాలుగు గడ్డలు. గుట్ట కింద వాళ్ల తమ్ముడి చేను గెట్టు మీదివట. "ఏస్కోండ్రి, మీ బిడ్డకు పానం గద బోడకాకరంటే" అని అమ్మ చేతిలో పెట్టింది. మిగిలిన పాత కంప పక్కనే, పాకడానికి ఆసరా ఉండేటట్టు నాలుగూ పాతాం.

మూడు మొలిచాయి. బోడకాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు, పువ్వు వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. ఆడ పువ్వు కింద చిన్న ముళ్ల బుడిపె ఉంటుంది, అదే కాయవుతుంది. మూడూ ఒకటే అయితే కాయలు రావు, ఇంకో గడ్డ వెతకాలి. నిన్న ఫోన్ చేస్తే ఒక తీగకు మొగ్గలు వచ్చాయంది అమ్మ. కింద బుడిపె ఉందా అని అడిగాను. చీకటి పడింది, పొద్దున చూసి చెప్తా అంది.